తంగేడు పూలకు సీతాకోకచిలుకలు రావెందుకు?

పెరటి ప్రశ్నలు

ప్రశ్న: మాది నిజాంపేటలో ఇండిపెండెంట్ ఇల్లు. గేటు పక్కన పడమటి వైపు కొంచెం జాగా ఖాళీగా ఉంది. అంతా మొరం. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండే. ఏప్రిల్ వచ్చిందంటే బోరు ఎండిపోతుంది, ట్యాంకరు నీళ్ళు మొక్కలకు పోయాలంటే ప్రాణం ఒప్పదు. మా తమ్ముడు అరిజోనాలో ఉంటాడు. వాళ్ళింటి ముందు ఆకులే కనిపించని ఒక పొద ఉంది, దాని మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు మూగుతున్నాయి. ఆ వీడియో చూసినప్పటి నుంచి మా పాప అదే కావాలంటోంది. దాని పేరు డెజర్ట్ మిల్క్‌వీడ్ అట, నీళ్ళు అక్కర్లేదట. సంక్రాంతికి వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తానంటున్నాడు. ఇక్కడ బతుకుతుందా అమ్మా?
— ఒక గృహిణి, నిజాంపేట

జవాబు: ముందు తమ్ముడికి ఫోన్ చేసి విత్తనాలు తేవద్దని చెప్పమ్మా. బయటి దేశం నుంచి విత్తనమైనా, కొమ్మయినా సరే, అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా సూట్‌కేసులో వేసుకుని రావడం కుదరదు. 2003 నుంచి దానికి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. రూల్ సంగతి అటుంచినా, లాంటానా, వయ్యారిభామ మన పొలాలనూ గుట్టలనూ ఏం చేశాయో చూశాక ఇంకో కొత్త చుట్టాన్ని పిలిచే ధైర్యం నాకు లేదు.

మీ తమ్ముడింటి ముందున్న పొద సొనోరా, మొహావి ఎడారులకు చెందినది. ఆ ఎండకు ఆకులు దండగని దాదాపు మానేసి, నిటారుగా లేచిన పచ్చటి కాడలతోనే కాలం గడుపుతుంది. గిల్లితే పాలు కారతాయి. దాని మీదికి వచ్చే నారింజ రంగువి మోనార్క్, క్వీన్ అనే జాతులు. వాటి పురుగులు తినేది ఈ పాలమొక్కల కుటుంబాన్నే. ఆ సీతాకోకచిలుకలూ అక్కడివే, ఆ మొక్కా అక్కడిదే. రెండింటికీ వేల ఏళ్ళ పరిచయం.

మనకూ అదే ఏర్పాటు ఉంది. బాచుపల్లి వైపు వెళ్ళేటప్పుడు ఏ ఖాళీ ప్లాటులోకైనా తొంగి చూడు, జిల్లేడు ఉంటుంది. అరిజోనా పొదా, మన జిల్లేడూ ఒకే కుటుంబం. జిల్లేడు మీద బతికే ప్లెయిన్ టైగర్ కూడా మోనార్క్‌కు దగ్గరి బంధువే. అదీ నారింజ రంగే, రెక్కల కొసలు నలుపు, ఆ నలుపు మీద తెల్ల పట్టీ. ఒక ఉదయం పాపను తీసుకెళ్ళి జిల్లేడు ఆకులు తిప్పి చూపించు, కాడ మాత్రం తుంచనివ్వకు. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములతో ఒక పురుగు కనిపిస్తుంది. అది ఆకు తినే ముందు చేసే పని చూడాలి. ముందు ఈనెను కొరుకుతుంది. అక్కడి నుంచి పాలు కారిపోయాక, పాలు అందని అవతలి భాగం తీరిగ్గా తింటుంది. లేకపోతే ఆ జిగురుకు దాని మూతే అంటుకుపోతుంది. ఆకులోని విషం దాని ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా ఉంటుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి పోదు. ప్లెయిన్ టైగర్ అంత నింపాదిగా ఎగరడానికి కారణం అదే.

అయినా గేటు పక్కన జిల్లేడు వేయమని నేను చెప్పను. ఒకటి, ఆ పాలు కంట్లో పడితే నిజంగానే ప్రమాదం, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. రెండు, మీ అత్తగారు. ఇంటి ముందు జిల్లేడేమిటని నాలుగు రోజులు అన్నం తినరు. వినాయక చవితి పత్రిలో అర్కపత్రం తగ్గితే మాత్రం తెమ్మని నిన్నే తోలతారు. పక్క ప్లాటులో దానంతటది మొలిచినదాన్ని కొట్టించకు, అది చాలు.

నీ జాగాకు తంగేడు వెయ్యి. ఇది నిఖార్సైన ఎడారి మొక్క కాదు, మెట్టనేల మొక్క. కానీ మొరంలో, రాళ్ళ సందుల్లో, ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడే మన హైదరాబాద్‌లో, అదీ మూడు నాలుగు నెలల్లోనే పడి మిగతా కాలమంతా ఎండగట్టే ఊళ్ళో, పైపు తిప్పకుండా నిలబడే పొద ఇంతకంటే మంచిది నాకు తెలియదు. మనిషెత్తుకు అటూ ఇటూగా పెరుగుతుంది. మేకలు కూడా పెద్దగా ముట్టవు. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అయినా నర్సరీలో అడిగితే 'అది గుట్టల మీది మొక్క మేడమ్, ఎవరు కొంటారు?' అంటారు. కొందరు సీమ తంగేడు అంటగడతారు, తీసుకోకు. అది రోడ్డు పక్కన వేసే చెట్టు, నీ గేటు పక్కన పట్టదు.

విత్తనం నువ్వే ఏరుకో. చలికాలంలో తంగేడు కాయలు ఎండి, బల్లపరుపుగా, గోధుమ రంగులో, కాగితమంత పల్చగా వేలాడుతుంటాయి. నాలుగు కాయలు చాలు, ఒక్కోదాంట్లో డజనుకు తక్కువ కాకుండా గింజలుంటాయి. గింజ పెంకు గట్టిది. పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్ళు పోసి, రాత్రంతా అలాగే వదిలెయ్యి. పొద్దున ఉబ్బినవి విత్తు, ఉబ్బనివి గరుకు గోడకు కొంచెం రాసి మళ్ళీ నానెయ్యి. జూన్‌లో నేల తడవగానే నేరుగా భూమిలోనే పెట్టడం మేలు. తల్లివేరు లోతుకు దిగే మొక్క ఇది, కవరులో పెద్దదాన్ని చేసి పీకి నాటితే అలుగుతుంది. మొదటి ఏడాది వానలు మొహం చాటేస్తే వారానికో చెంబు నీళ్ళు పొయ్యి. రెండో ఏడాది నుంచి దాని మానాన దాన్ని వదిలెయ్యి. ఎరువు, డ్రిప్పు ఏదీ వద్దు. నా దగ్గరికి వచ్చే 'తంగేడు చచ్చిపోయింది' ఉత్తరాల్లో చాలావాటికి కారణం నీళ్ళు ఎక్కువవడమే.

పాపకు ఒక్క మాట మాత్రం ముందే చెప్పి ఉంచు. వీడియోలో చూసినట్టు తంగేడు పూల మీద సీతాకోకచిలుకలు మూగవు. ఎందుకో ఈ కింది జవాబు చదువు.

ప్రశ్న: పోయినేడాది మీరు తంగేడు గురించి రాసింది చదివి రెండు మొక్కలు వేశాను. సీతాకోకచిలుకలు వస్తాయని మనవడికి గొప్పగా చెప్పాను. మొన్న బతుకమ్మ ముందు విరగబూసింది. కానీ ఒక్క సీతాకోకచిలుక కూడా పువ్వు మీద వాలలేదు. నల్లటి పెద్ద తుమ్మెదలు మాత్రం పొద్దున్నే వచ్చి గోల చేస్తున్నాయి. దానికితోడు ఆకులు సగానికి సగం ఏవో తినేశాయి. వేపనూనె కొట్టనా? మా పక్కింటాయన ఇంకా గట్టి మందుంది, ఇస్తానంటున్నారు.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఉప్పల్

జవాబు: ఏ మందూ కొట్టకండి. పక్కింటాయనకు టీ ఇచ్చి పంపించండి. మీరు పువ్వుల మీద వెతుకుతున్న సీతాకోకచిలుకలు ఆ తినేసిన ఆకుల మీద ఉన్నాయి.

తంగేడు పువ్వులో తేనె ఉండదు. నొక్కి చూడండి, తిప్పి చూడండి, చుక్క దొరకదు. అది పిలిచేది తేనె తాగేవాళ్ళను కాదు, పుప్పొడి మోసుకెళ్ళే తుమ్మెదలను. ఒక పువ్వు కోసి దగ్గరగా చూడండి. అయిదు పసుపు రేకులు, మధ్యలో పది కేసరాలు. పైన ఉన్న మూడు వట్టివి, వాటిలో పుప్పొడి ఉండదు. మిగిలినవాటి సంచులు కూడా మందారంలో మాదిరి విచ్చుకుని పొడి రాల్చవు, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. గోరుతో గీకినా రాదు. తుమ్మెదకు దాని కిటుకు తెలుసు. కాళ్ళతో కేసరాలను గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదరగొడుతుంది. ఆ అదురుకు రంధ్రంలోంచి పుప్పొడి చిమ్ముకుని వచ్చి దాని పొట్టకు అంటుకుంటుంది. మీరు గోల అంటున్నది అదే. ఈసారి చెవి పెట్టి వినండి, ఎగిరేటప్పటి ఝుంకారం వేరు, పువ్వును పట్టుకున్నాక వచ్చే మోత వేరు, గొంతు హెచ్చుతుంది. ఆ తుమ్మెద పని చేయకపోతే మీ మొక్కకు కాయ పట్టడం కష్టం. ఎండు కట్టెల్లో, వెదురు బొంగుల్లో తొలుచుకుని ఉంటుంది, దాని దారికి అడ్డం పోనంతవరకు మనల్ని ఏమీ అనదు.

ఇక ఆకుల సంగతి. మా సఫిల్‌గూడ ఇంటి గేటు పక్కన తంగేడు ఉంది. వానలు పడ్డాక కొత్త చిగుళ్ళు వేసే రోజుల్లో పదిన్నర, పదకొండు గంటల వేళ కాఫీ గ్లాసుతో అక్కడ నిలబడటం నాకు అలవాటు. లేత ఆకుపచ్చ కలిసిన తెల్లటి సీతాకోకచిలుక ఒకటి గోడ దాటి హడావుడిగా వస్తుంది. దాన్ని మోటల్డ్ ఎమిగ్రెంట్ అంటారు. ఒక్కచోట నిలవదు. పూల వంక చూడనైనా చూడదు. ఒక ఆకు మీద వాలి, ముందుకాళ్ళతో టపటపా తడుతుంది, లేస్తుంది, ఇంకో ఆకు. కాళ్ళతోనే రుచి చూస్తుంది. ఇది తంగేడేనా, ఆకు లేతదేనా అని అలా తేల్చుకుంటుంది. నచ్చిందనుకోండి, పొట్ట కొస వంచి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. ఆకు మీద బియ్యపు నూకను నిలబెట్టినట్టుంటుంది ఆ గుడ్డు, ఇంకా సన్నం. నాకైతే కళ్ళజోడు లేకుండా కనిపించదు, మీ మనవడికి ఇట్టే దొరుకుతుంది.

పురుగు తంగేడు ఆకు రంగులోనే ఉంటుంది. ఈనె వెంట పొడుగ్గా పడుకుంటే పక్కన నిలబడ్డా కనపడదు. పక్కల సన్నని నల్ల చుక్కల వరుస, దాని కింద తెల్లటి గీత, అదే ఆనవాలు. ఆకు కొసల నుంచి తింటూ వస్తుంది. కింద గచ్చు మీద నల్లటి చిన్న గుళికలు రాలి ఉంటే సరిగ్గా దాని పైన వెతకండి. తర్వాత కొమ్మ కిందో, ఆకు కిందో సన్నని దారంతో నడుముకు కట్టుకుని, ఆకుపచ్చ ప్యూపా అయి వేలాడుతుంది. వానాకాలంలో గుడ్డు నుంచి రెక్కల దాకా నెల లోపే అయిపోతుంది. నేలకు దగ్గరగా తిరిగే చిన్న పసుపు సీతాకోకచిలుకలు, గ్రాస్ యెల్లోలు, వాటిలోనూ కొన్ని తంగేడు జాతి మొక్కల మీదే గుడ్లు పెడతాయి.

గుడ్లన్నీ పురుగులు, పురుగులన్నీ సీతాకోకచిలుకలు కావు. తంగేడు ఆకులో జంట ఆకుల మధ్య ఒక్కో చిన్న గ్రంథి నిక్కి ఉంటుంది, ఆ తీపికి చీమలు కాపలా కాస్తాయి. దొరికిన గుడ్డునూ పిల్లపురుగునూ లాక్కుపోతాయి. పిట్టలు, కందిరీగలు ఎలాగూ ఉన్నాయి. మిగిలేవి కొన్నే. ఆ కొన్నింటినే మందు కొట్టి చంపేస్తే ఇక మనవడికి చూపించడానికి ఏముంటుంది? సగం ఆకు పోయినా తంగేడుకు ఏమీ కాదు, మళ్ళీ చిగురిస్తుంది. కుండీ రోజాకు పడే టెన్షన్ దీనికి పడకండి.

పువ్వు మీద వాలిన సీతాకోకచిలుకే కావాలనుకుంటే దాని పక్కన తేనె ఉన్న మొక్క వేయండి. నూరువరహాలు పెద్దవాటికి నచ్చుతుంది, ముళ్ళగోరింట మెట్టనేలకు సరిపోతుంది. గోడ వారన మొలిచే గడ్డిచామంతిని పీకించకుండా కొంచెం వదిలేయండి, అదీ బయటిదే అయినా చిన్న సీతాకోకచిలుకలకు దాని తేనె బాగా ఇష్టం. లాంటానాకు తప్పకుండా వస్తాయి, చాలామంది ఆ ఫొటోలే నాకు పంపుతారు. కానీ పిట్టలు దాని పళ్ళు తిని గింజలు గుట్టల మీద వేస్తాయి, తర్వాత అక్కడ తంగేడుకు చోటుండదు. నేనైతే వేయను. ఇంకొకటి, పాత మట్టి మూకుడులో ఇంత మట్టి, చిటికెడు ఉప్పు వేసి తడిపి ఎండలో పెట్టండి. మగవి ఆ తడిలోని లవణాల కోసం దిగి చాలాసేపు కదలవు. మనవడు అప్పుడు ఫోన్‌లో తీరిగ్గా ఫొటో తీసుకోవచ్చు.

ప్రశ్న: కరివేపాకు చెట్టు మీద పిట్టరెట్టలు పడ్డాయనుకుని తుడవబోతే కదిలాయి! ఇప్పుడు అవే ఆకుపచ్చగా లావయ్యాయి. ముట్టుకుంటే తల దగ్గర ఎర్రటి కొమ్ము బయటికి తీసి కంపు కొడుతున్నాయి. ఏం చేయాలి?
— చిక్కడపల్లి పాఠకురాలు

జవాబు: పిట్టలను మోసం చేయడానికి చిన్నప్పుడు ఆ వేషం, పెద్దయ్యాక ఈ కంపు. అవి లైమ్ బటర్‌ఫ్లై పురుగులో, కామన్ మార్మన్ పురుగులో అయి ఉంటాయి, నిమ్మ మీద కూడా ఇవే ఉంటాయి. చెట్టు పెద్దదైతే వదిలేయండి. చిన్న మొక్క అయితే కొన్నింటిని ఆకుతో సహా తీసి, వీధిలో పెద్ద కరివేపాకు ఉన్నవాళ్ళింట్లో పెట్టి రండి. వాళ్ళకు చెప్పి పెట్టండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు బతుకమ్మకు ఊరి బయట గుట్ట మీద తంగేడు తెంపుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు మార్కెట్‌లో చిన్న కట్టకు కూడా మస్తు రేటు చెప్తున్నారు. కట్టలు చూస్తే కొమ్మలకు కొమ్మలే విరిచి తెచ్చారు. ఇట్ల కొంటే పాపమా అక్కా? ఇంట్లో వేసుకుంటే పండుగకు సరిపోతదా?
— ఎల్‌బీ నగర్ పాఠకురాలు

జవాబు: పాపం లెక్క నాకు తెలియదు చెల్లీ, మొక్క లెక్క చెప్తాను. తంగేడును కొమ్మ నరికినా మోడు నుంచి మళ్ళీ లేస్తుంది. వెనకటికి తోళ్ళు పదును పెట్టడానికి దీని బెరడు బండ్లకు బండ్లు పోయేది, అప్పుడూ పొదలు మిగిలాయి. ఇప్పుడు తగ్గడానికి బతుకమ్మ కారణం కాదు. నగరం చుట్టుపక్కల గుట్టలు క్వారీలయ్యాయి, మొరం తవ్వకాలయ్యాయి, వెంచర్లయ్యాయి. మొక్కకు నేలే పోయింది. మిగిలిన కొన్ని పొదల మీదే పండుగ భారమంతా పడుతోంది, వేళ్ళతో సహా పెరికితే మాత్రం అక్కడ మళ్ళీ లేవదు.

ఇంటి దగ్గర రెండు మూడు పొదలుంటే ఒక ఇంటి బతుకమ్మకు అడుగు వరసలకు సరిపోతుంది, పైన గునుగు, బంతి, చామంతి ఉండనే ఉంటాయి. కోసేటప్పుడు పూలగుత్తి వరకే కత్తెరతో కత్తిరించు. కొన్ని గుత్తులు కాయకు వదిలెయ్యి, వచ్చే జూన్‌లో ఇంకొకరికి ఇవ్వడానికి గింజలుంటాయి. కాయలు రాలాక, సంక్రాంతి దాటాక పొదను మోకాలెత్తుకు కత్తిరిస్తే వానలకు గుబురుగా లేస్తుంది. ఆ కత్తిరింపు ముందు ప్యూపాలు ఉన్నాయేమో ఒకసారి చూసుకో.

(షుగరుకు తంగేడు పూల కషాయం తాగవచ్చా అని ప్రతి నెలా ఉత్తరాలు వస్తున్నాయి. అది నా శాఖ కాదు, మీ మందులు రాసే డాక్టరును అడగండి.)

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఎనిమిదో అంతస్తు. బాల్కనీలో కుండీలో తంగేడు పెడితే సీతాకోకచిలుకలు వస్తాయా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: అంత ఎత్తుకు దారి తప్పినవి వస్తాయి తప్ప నమ్మకంగా రావు. కుండీలో తంగేడు బతుకుతుంది గానీ తల్లివేరుకు చోటు లేక గిడసబారుతుంది. బాల్కనీలో కరివేపాకుతో సరిపెట్టుకోండి, తంగేడును కింద కాంపౌండ్ వాల్ వెంట పెట్టండి. అసోసియేషన్ మీటింగులో 'బటర్‌ఫ్లై గార్డెన్' అంటే చేతులు లేస్తాయి, 'పురుగులు' అనే మాట మాత్రం ఎత్తకండి.

అసలు చిక్కు మీటింగులో కాదు, నెలనెలా క్లీనింగ్ పేరుతో గోడ వెంట మొలిచినదాన్నంతా కొట్టేసే కొడవలితో. తంగేడు మొలక మొదట్లో కలుపుమొక్కకు తేడా లేకుండా ఉంటుంది. గింజ పెట్టే ముందే ఆ చోటు చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి సున్నం కొట్టించండి. సున్నం కొట్టిన ఇటుకల మధ్య ఉన్నదాన్ని ఏ కాంట్రాక్టరు మనిషీ ముట్టుకోడు, ఎవరో సారు వేయించిన మొక్క అనుకుంటాడు. జూన్ మొదటి వానకు ముందే ఆ పని చేయించండి.